హాస్టళ్లున్న కాలేజీలో మహమ్మారి టెస్టులు: ఎవరికి, ఎన్నాళ్లకోసారి, ఏ కిట్టుతో?

హాస్టల్_రిజిస్టర్:
అందరికీ నమస్కారం. తిరుపతి శివార్లలోని ఒక కాలేజీకి అంటువ్యాధుల ప్లాను రాయాల్సి ఉంది. కొవిడ్ లాంటిది మళ్లా వస్తే బీరువాలోంచి తీసి మొదటి వారంలోనే అమలు చేసేట్టు ఉండాలి. లెక్కలివి: హాస్టళ్లలో 2,000 మంది, గదికి నలుగురు, 500 గదులు, అంతస్తుకు ఒకటే బాత్రూముల వరస. చిత్తూరు, పుత్తూరు, పాకాల, శ్రీకాళహస్తి నుంచి కాలేజీ బస్సుల్లో వచ్చిపోయేవాళ్లు 1,100. మెస్సు, సెక్యూరిటీ, పారిశుద్ధ్యం అన్నీ కలిపి సిబ్బంది 180. కమిటీలో ఎక్కువమంది మాట ఇది: "తెరిచే రోజు అందరికీ ఆర్‌టీ-పీసీఆర్, నెగెటివ్ కాగితం ఉంటేనే గేటు లోపలికి, అంతటితో సరి." తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. పొడుగైనా పర్లేదు.

పైపెట్టు:
అంతటితో సరి కాదండీ, అక్కడ మొదలు. గేటు దగ్గర టెస్టు ఆ పూట ముక్కులో దొరికేంత వైరస్ ఉందా లేదా అన్నదొక్కటే చెప్తుంది. సంక్రాంతికి ఊరెళ్లి తిరుగు బస్సులో సోకించుకొచ్చిన పిల్లాడికి గేటు దగ్గర నెగెటివే వస్తుంది. రెండు మూడు రోజులకు అదే పిల్లాడు గదిలో మిగతా ముగ్గురికీ అంటిస్తాడు. 72 గంటల ముందు ఊళ్లో చేయించుకున్న కాగితమైతే ఆ ప్రయాణం లెక్కలోకే రాదు.

కాబట్టి పండగ సెలవుల తర్వాత ప్రతిసారీ రెండు టెస్టులు ఉండాలి. వచ్చిన రోజు ఒకటి, 5వ రోజు ఒకటి. మధ్యలో క్లాసులు ఆన్‌లైన్, భోజనం ప్యాకెట్లలో గది దగ్గరికి. రెండో టెస్టుకు డబ్బుల్లేవంటే మొదటిది కూడా మానేసి ఆ డబ్బు మాస్కులకు పెట్టడం మేలు. 2,000 మందిని ఒకే రోజు దింపుకోవద్దు కూడా. రోజుకు ఒక బ్లాకు చొప్పున రప్పించండి. లేకపోతే టెస్టు కోసం నిలబెట్టిన క్యూలోనే అంటుకుంటుంది.

లెక్కల_మాస్టారు:
కమిటీ వాళ్లకు ఈ ఒక్క లెక్క బోర్డు మీద రాసి చూపించండి. సోకిన మనిషి మనకు తెలియకుండా తిరిగే రోజులు = రెండు టెస్టుల మధ్య ఎడంలో సగం + రిపోర్టు చేతికొచ్చే దాకా పట్టే రోజులు.

వారానికోసారి పీసీఆర్, రిపోర్టుకు 3 రోజులు అనుకుందాం: 3.5 + 3 = ఆరున్నర రోజులు. వారానికి రెండుసార్లు ర్యాపిడ్ యాంటిజెన్, రిపోర్టు అరగంటలో: సుమారు 1.75 రోజులు. కొవిడ్‌లో లక్షణాలు కనబడ్డానికి రెండు రోజుల ముందు నుంచే అంటించడం మొదలవుతుంది, ఎక్కువ భాగం ఆ మొదటి వారంలోనే జరిగిపోతుంది. అంటే మొదటి పద్ధతిలో మనం దొంగను పట్టుకునేసరికి ఇల్లు ఖాళీ. 2020 జూలైలో అమెరికాలో కాలేజీల కోసమే వేసిన ఒక మోడల్‌లోనూ ఇదే తేలింది. 70 శాతం మందినే పట్టే చవక టెస్టైనా రెండు రోజులకోసారి చేస్తే, లక్షణాలు వచ్చినవాళ్లకే టెస్టు చేసే పద్ధతి కన్నా ఎంతో మెరుగు.

నర్సమ్మ_చిత్తూరు:
మాస్టారూ, కాగితం మీద బాగుండాది. కానీ ర్యాపిడ్ కిట్టు 70 శాతం పడుతుందని ఎవరు హామీ ఇస్తారు? 2020 జూన్‌లో ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) మొదటి కిట్టుకు అనుమతి ఇచ్చినప్పుడు వాళ్ల పరీక్షల్లో తేలిన సెన్సిటివిటీ 50.6 నుంచి 84 శాతం మధ్య. అందుకే లక్షణాలుండి ర్యాపిడ్ నెగెటివ్ వస్తే తప్పకుండా ఆర్‌టీ-పీసీఆర్ చేయమన్నారు. కాలేజీల్లో సరిగ్గా ఈ రెండో సగమే మర్చిపోతారు. "ర్యాపిడ్ నెగెటివ్, పోయి క్లాసులో కూర్చో" అని పంపించేస్తారు.

పైగా ఆ కిట్టు 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాల. మే నెలలో తిరుపతి ఎండ సంగతి నేను చెప్పాలా? అట్టపెట్టెలు వ్యాను వెనకాల మధ్యాహ్నమంతా ఉంటే కంట్రోల్ గీత బానే వస్తాది, టెస్టు గీత మాత్రం బలహీనపడతాది. కంట్రోల్ గీత వచ్చిందంటే కిట్టు మంచిదే అనుకోవద్దు. ద్రవం పట్టీ పొడుగునా పారిందని మాత్రమే దానర్థం.

లెక్కల_మాస్టారు:
అక్కా, ఒప్పుకుంటా. అయితే అటువైపు లెక్క కూడా చూడండి. తప్పుడు నెగెటివ్ గురించి అందరూ మాట్లాడతారు, తప్పుడు పాజిటివ్ గురించి ఎవరూ మాట్లాడరు.

2,000 మందిలో నిజంగా సోకినవాళ్లు అర శాతం, అంటే 10 మంది. కిట్టు 60 శాతం పడితే దొరికేది 6. కిట్టు స్పెసిఫిసిటీ (సోకనివాళ్లకు సరిగ్గా నెగెటివ్ చూపడం) 99.5 శాతం అనుకుంటే మిగిలిన 1,990 మందిలో సుమారు 10 మందికి ఉత్తపుణ్యానికి పాజిటివ్ వస్తుంది. మొత్తం 16 పాజిటివ్‌లలో 10 అబద్ధం! వ్యాధి తక్కువున్నప్పుడు ఏ మంచి కిట్టుకైనా ఈ పాట్లు తప్పవు. కాబట్టి లక్షణాల్లేకుండా ర్యాపిడ్ పాజిటివ్ వచ్చినవాళ్లను వెంటనే విడిగా ఉంచి, అదే రోజు ట్రూనాట్ అనే చిన్న పీసీఆర్ మెషీన్‌తోనో ఆర్‌టీ-పీసీఆర్‌తోనో ఖాయం చేసుకోవాలి. ఖాయమయ్యేదాకా వాళ్లను నిజమైన పాజిటివ్‌ల గదిలో పడేయకూడదు, లేనిది అక్కడ అంటుకుంటుంది. వాళ్లకు ఒంటరి గదులు వేరే కావాలి.

వ్యాధి పెరిగి 10 శాతానికి చేరినప్పుడు మాత్రం ర్యాపిడ్ పాజిటివ్‌ను నమ్మొచ్చు. అప్పుడు అనుమానించాల్సింది నెగెటివ్‌ను.

హాస్టల్_రిజిస్టర్:
ఇక్కడ కొంచెం గజిబిజి. 2,000 మందికి వారానికి రెండుసార్లు ర్యాపిడ్ అంటే 4,000 కిట్లు. ఆర్‌టీ-పీసీఆర్ విడివిడిగా అంటే ఏ ల్యాబూ ఒప్పుకోదు. పూల్ టెస్టింగ్ అంటున్నారు కదా, దాని సంగతేంటి?

పైపెట్టు:
పూల్ అంటే కొందరి శాంపిళ్లు కొంచెం కొంచెం కలిపి ఒకే టెస్టు చేయడం. నెగెటివ్ వస్తే అందరూ నెగెటివ్. పాజిటివ్ వస్తే విడివిడిగా మళ్లీ. 1943లో డార్ఫ్‌మన్ అనే ఆయన అమెరికా సైన్యంలో సిఫిలిస్ టెస్టుల కోసం చెప్పిన ఉపాయం ఇది. 2020 ఏప్రిల్‌లో ఐసీఎంఆర్ పూల్‌కు ఐదుకు మించొద్దంది. పాజిటివిటీ 2 శాతం లోపు ఉన్నచోట వాడొచ్చు, 2–5 శాతం ఉన్నచోట లక్షణాల్లేనివాళ్ల సర్వేకు మాత్రమే, 5 దాటితే వద్దు.

1,000 మందికి ఐదుగురి పూల్ చేస్తే:
అర శాతం ఉన్నప్పుడు సుమారు 225 టెస్టులు,
1 శాతం ఉన్నప్పుడు 249,
2 శాతం ఉన్నప్పుడు 296,
5 శాతానికి 426,
10 శాతానికి 610.
10 శాతం దగ్గరకొచ్చాక ఆదా సగం కూడా లేదు, రెండోసారి టెస్టు కోసం రిపోర్టు ఇంకో రోజు లేటు. అక్కడిదాకా పోకముందే పూల్ ఆపేయాలి.

పూల్ వల్ల పోయేదీ ఉంది. ఒక పాజిటివ్‌ను నాలుగు నెగెటివ్‌లలో కలిపితే వైరస్ ఐదో వంతుకు పలచబడి, సీటీ విలువ (వైరస్ ఎంత తక్కువైతే అంత పెరిగే పీసీఆర్ అంకె) సుమారు 2.3 పెరుగుతుంది. 33 ఉన్న శాంపిల్ 35.3 అవుతుంది. కటాఫ్ 35 అయితే జారిపోతుంది. 22, 25 సీటీతో జోరుగా అంటించేవాళ్లు మాత్రం తప్పించుకోరు. క్యాంపస్‌లో మనకు కావాల్సింది వాళ్లే కాబట్టి ఆ నష్టం భరించొచ్చు.

ఇప్పుడు మీ లెక్కకు వస్తా. ఐదు అనే అంకె పట్టుకుని కూర్చోవద్దు. మీకు గదికి నలుగురు. ఒక గది = ఒక పూల్. అంకెల్లో కొంచెం నష్టం (1 శాతం దగ్గర 1,000 మందికి 249 బదులు 289 దాకా), కానీ లాభాలు రెండు. ఒకటి, గదిలో ఒకరికి ఉంటే ఇంకొకరికి కూడా ఉండే అవకాశం ఎక్కువ. పాజిటివ్‌లన్నీ తక్కువ పూల్‌లలోకి చేరతాయి, కాబట్టి నిజంలో ఆ నష్టం కూడా పెద్దగా మిగలదు. రెండు, పూల్ పాజిటివ్ అని తెలిసిన క్షణమే గది తలుపు దగ్గర ఆపేయొచ్చు, ఎవరన్నది తర్వాత తేలుతుంది. వేర్వేరు గదుల నుంచి ఐదుగుర్ని కలిపితే ఐదు గదులు ఆగిపోతాయి.

పీసీఆర్ మెషీన్‌లో పెట్టే ప్లేటుకు 96 గుంటలు. టెస్టు సరిగా నడిచిందో చూసే రెండు కంట్రోళ్లకు పోతే 94. అంటే రోజుకు 94 గదులు. 500 గదులు ఆరో రోజుకు పూర్తవుతాయి, ఆరో రోజు ప్లేటులో మిగిలిన జాగా విడివిడి టెస్టులకు. వారమంతా రోజుకు ఒక్క ప్లేటు. ఏ ల్యాబుకైనా ఇట్లా అడిగితే ఒప్పుకుంటారు. సోమవారం పొద్దున 2,000 ట్యూబులు తెచ్చి బల్ల మీద పెడితే ఎవరూ ఒప్పుకోరు.

నర్సమ్మ_చిత్తూరు:
ఇది బాగుంది తమ్ముడూ. ఒకటి చేర్చు. ట్యూబులు గదివారీగానే అందేట్టు చూడాల. ల్యాబులో కూర్చుని 376 ట్యూబుల్లో 214 నంబరు గదివాళ్లు నలుగురెక్కడా అని ఏరుకుంటే సాయంత్రమైపోతాది.

పైపెట్టు:
అవునక్కా. శాంపిల్ తీసేచోటే గది నంబరు రాసిన జిప్ కవరులో నాలుగు ట్యూబులు. లేబుల్ మూత మీద కాదు, ట్యూబు ఒంటి మీద, నిలువుగా. మూతలు తీసి పక్కన పెట్టినప్పుడు ఎవరి మూత ఎవరిదో తెలియదు. అడ్డంగా అంటిస్తే గుండ్రం మీద బార్‌కోడు స్కాన్ కాదు. స్వాబ్ తీయకముందే లేబుల్ అంటించాలి. శానిటైజర్ చేతితో పట్టుకుంటే మామూలు పెన్ను రాత చెరిగిపోతుంది, అందుకని ప్రింటు లేబుళ్లు.

ల్యాబులో ఒక్కో ట్యూబు నుంచి 50 మైక్రోలీటర్లు, నలుగురివీ కలిపి 200, ఆర్‌ఎన్‌ఏ ఎక్స్‌ట్రాక్షన్‌కు (వైరస్ జన్యుపదార్థం విడదీయడానికి) సరిగ్గా సరిపోతుంది. మిగిలినది 4 డిగ్రీల దగ్గర దాచాలి, పూల్ పాజిటివ్ వస్తే పిల్లలను మళ్లీ పిలవకుండా అందులోంచే విడి టెస్టు.

కపిలతీర్థం:
తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వైరాలజీ ల్యాబుకు పంపితే చాలదా? 2020లో రాష్ట్రంలో కొవిడ్ టెస్టులు మొదలైందే అక్కడ.

పైపెట్టు:
మొదలైంది అక్కడే, నిజం. అందుకే ఉద్ధృతి వచ్చినప్పుడు జిల్లా శాంపిళ్లన్నీ అక్కడికే పోతాయి. ఆసుపత్రిలో ఊపిరాడని రోగి ట్యూబు ముందా, లక్షణాల్లేని మీ పిల్లాడి ట్యూబు ముందా? మీది వెనక్కే పోతుంది, పోవాలి కూడా. కాబట్టి ప్లానులో ఇట్లా రాసుకోండి: రిపోర్టు 24 గంటల్లో వస్తున్నంత కాలం గది పూల్‌లు. వరసగా రెండు రోజులు 36 గంటలు దాటితే ఆ రోజే ర్యాపిడ్‌కు మారిపోవడం, కమిటీ మీటింగు కోసం ఆగకుండా. ఆ ఒక్క వాక్యం ముందే సంతకమై ఉండాలి.

స్వర్ణముఖి_గట్టు:
స్వాబ్ తీసేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? ముక్కు లోతుకంటా స్వాబ్‌కు మనిషికి మూడు నిమిషాలు, గంటకు 20. పీపీఈ సూటులో ఈ ఉక్కలో నాలుగు గంటలకు మించి ఎవరూ నిలబడలేరు, అంటే మనిషికి పూటకు 80. రోజుకు 94 గదులు అంటే 376 మంది. ఐదుగురు కావాలి, ఆరు రోజులు, వారం వారం. ఏ పీహెచ్‌సీ ఇస్తుంది?

నర్సమ్మ_చిత్తూరు:
ఎవరూ ఇవ్వరు. అందుకే గార్గిల్. ఉప్పునీరు పుక్కిలించి ఉమ్మే పద్ధతికి నాగపూర్‌లోని నీరి (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లది 2021 మేలో ఐసీఎంఆర్ ఒప్పుకుంది. పిల్లాడే పుక్కిలించి ట్యూబులో ఉమ్ముతాడు, నర్సు అక్కర్లేదు, వీటీఎం (శాంపిల్ పాడవకుండా ట్యూబులో పోసే ద్రవం) అక్కర్లేదు. ఒక మనిషి దూరంగా నిలబడి చూస్తే చాలు. కానీ ఆరుబయట, ఒకరి తర్వాత ఒకరు, అదీ గాలి వాటం చూసి. వరండాలో 40 మందిని వరసగా నిలబెట్టి పుక్కిలించమన్నారంటే ఇక టెస్టు దేనికి.

పొద్దున పళ్లు తోమకముందు, టిఫినుకు ముందు తీయండి. కాఫీ, పాన్ పరాగ్ నోట్లో ఉంటే పీసీఆర్ సరిగా నడవదు.

పైపెట్టు:
హైదరాబాద్ సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్ల పొడి స్వాబ్ పద్ధతి కూడా ఉంది, 2020 నవంబర్‌లో ఒప్పుకున్నారు. వీటీఎం లేకుండా పొడి ట్యూబులోనే స్వాబ్, ల్యాబులో బఫర్ పోసి వేడిచేసి నేరుగా పీసీఆర్, ఎక్స్‌ట్రాక్షన్ కిట్టు ఖర్చు ఉండదు. దారిలో ట్యూబు కారడమన్న సమస్యా లేదు. మీ ల్యాబు ఏది చేయగలదో ముందు అడిగి, దాన్ని బట్టి కొనండి. చాలాచోట్ల ముందు 5,000 వీటీఎం ట్యూబులు కొనేసి తర్వాత అడుగుతారు.

స్వాబ్ కొనేటప్పుడు నైలాన్ ఫ్లాక్డ్ లేదా పాలియెస్టర్, ప్లాస్టిక్ పుల్ల. చవకగా వస్తాయని కాటన్ దూది చెక్కపుల్లవి కొనొద్దు, అవి పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. ట్యూబులో స్వాబ్ విరిచే గీత ఎక్కడుందో చూడండి. పుల్ల పొడుగైతే మూత పూర్తిగా బిగుసుకోదు, కోల్డ్ బాక్సు తెరిచేసరికి సగం కారిపోయి ఉంటుంది. బాక్సులో 2–8 డిగ్రీలు, మూడు పొరల ప్యాకింగ్.

లెక్కల_మాస్టారు:
ర్యాపిడ్ రోజుల కోసం బల్ల లెక్క కూడా చెప్పేస్తా. ఒక బల్ల దగ్గర ఒకరు స్వాబ్, ఒకరు కిట్టు. రెండు నిమిషాలకో కిట్టు మొదలుపెడితే 15 నిమిషాలయ్యేసరికి బల్ల మీద ఏడెనిమిది ఉంటాయి, కళ్లతో అంతకంటే ఎక్కువ సంబాళించలేం. గంటకు 30. మూడు బల్లలైతే 90, అంటే 500 మంది బ్లాకుకు ఆరు గంటలు.

మొదలుపెట్టిన సమయం క్యాసెట్ మీదే పెన్నుతో రాయాలి. చాలా కిట్లు 15 నిమిషాలకు ముందు చూడొద్దంటాయి, 30 దాటాక చూడొద్దంటాయి. 40 నిమిషాలకు సన్నగా తేలే గీతను చూసి పాజిటివ్ రాయడం, 6 నిమిషాలకే చూసి నెగెటివ్ రాయడం, రెండూ క్యూ పొడుగైనప్పుడే జరుగుతాయి.

నర్సమ్మ_చిత్తూరు:
చుక్కలు కూడా. మూడు చుక్కలన్న కిట్టులో రెండేస్తే ద్రవం పైకి ఎక్కదు. బాటిల్ పిండేటప్పుడు స్వాబ్‌ను గోడలకేసి నొక్కి తిప్పకపోతే ముక్కులోది అంతా స్వాబ్‌తోనే చెత్తబుట్టకు పోతాది. ఫ్రిజ్‌లోంచి తీసిన కిట్టును వెంటనే చించొద్దు, అరగంట బయట పెట్టి తీయాల. చల్లటి పట్టీ మీద మన గాలి తేమ కూర్చుంటాది.

వాడిన స్వాబ్‌లు పసుపు సంచిలో, రెండు పొరలు. ప్లాస్టిక్ ట్యూబులు, పైపెట్ టిప్పులు క్రిమిరహితం చేశాక ఎర్ర సంచికి. మున్సిపాలిటీ బండికి ఇవ్వకూడదు, బయోమెడికల్ వేస్ట్ వాళ్లతో ఒప్పందం ముందే ఉండాల.

మురుగుకాలువ:
ఇంతమంది ముక్కుల్లో పుల్లలు పెట్టే బదులు నాలుగు బ్లాకుల మురుగునీరు చూడొచ్చు కదా. 2020 ఆగస్టులో అరిజోనా యూనివర్సిటీ వాళ్లు ఒక హాస్టల్ మురుగులో వైరస్ కనబడగానే అందులో 311 మందికి టెస్టులు చేసి, లక్షణాల్లేని ఇద్దర్ని పట్టుకున్నారు. మన దేశంలోనూ సీసీఎంబీ వాళ్లు హైదరాబాద్ మురుగునీటి మీద అదే సంవత్సరం పనిచేశారు. బ్లాకుకు ఒక శాంపిల్, వారానికి మూడుసార్లు, మొత్తం 12 టెస్టులు.

పైపెట్టు:
ఆలోచన మంచిదే, కానీ మీ కాలేజీలో సెప్టిక్ ట్యాంకా, కాలువా?

హాస్టల్_రిజిస్టర్:
రెండు బ్లాకులు కాలువ ద్వారా ఎస్‌టీపీకి (మురుగు శుద్ధి ప్లాంటుకు), రెండు సెప్టిక్ ట్యాంకులకు.

మురుగుకాలువ:
అయితే సెప్టిక్ ట్యాంకు లోపలి నుంచి తీయకూడదు. అందులో రోజుల తరబడి సరుకు కలిసిపోయి ఉంటుంది, పది రోజుల కిందటి పాజిటివ్ ఇవాళ్టిదిలా కనబడుతుంది. బ్లాకు పైపు ట్యాంకులో పడక ముందు ఉండే ఛాంబర్ దగ్గర తీయాలి. పొద్దున 6 నుంచి 9 మధ్య, అందరూ బాత్రూములకు వెళ్లే వేళ, 15 నిమిషాలకోసారి 100 మిల్లీలీటర్లు తాడు కట్టిన బాటిల్‌తో తీసి ఒక క్యాన్‌లో కలిపితే లీటరు పైనే వస్తుంది. ఛాంబర్‌లోకి మనిషిని దించే ప్రసక్తే లేదు. స్వీపర్లు ఫినాయిలు, బ్లీచింగ్ ఎప్పుడు పోస్తారో కనుక్కుని దానికి ముందే తీయాలి. లేకపోతే తీసినది బ్లీచింగ్ నీళ్లే. ఐస్‌లో పెట్టి అదే రోజు ల్యాబుకు. అక్కడ పీఈజీ అనే రసాయనం, ఉప్పు వేసి వైరస్‌ను చిక్కబరిచి పీసీఆర్.

నీళ్లు ఎక్కువ పారిన రోజు, తక్కువ పారిన రోజు తేడా పోవడానికి, మిరప మొక్కలకు వచ్చే ఒక మచ్చతెగులు వైరస్‌ను కూడా కొలుస్తారు. పెప్పర్ మైల్డ్ మాటిల్ వైరస్ అంటారు. మిరప తినే చాలామంది మలంలో ఉంటుంది, మనిషికి ఏ హానీ లేదు. రాయలసీమ హాస్టల్‌లో ఆ సిగ్నల్‌కు కరువుండదు లెండి, ఊరుమిండి పచ్చడి నడిచే ఏ మెస్సయినా చాలు.

లెక్కల_మాస్టారు:
మురుగు పద్ధతికి ఒక గడువుంది. కోలుకున్నవాళ్ల మలంలో వారాల తరబడి ఆర్‌ఎన్‌ఏ వస్తూనే ఉంటుంది. మొదటి అల వచ్చిపోయాక బ్లాకు ఎప్పుడూ పాజిటివే. అప్పుడు ఉందా లేదా అని కాదు, పెరుగుతోందా తగ్గుతోందా అనే చూడాలి. నా ఓటు: తొలి రోజుల్లో, వ్యాధి ఇంకా లోపలికి రానప్పుడు, కాపలాకు మురుగు. కనబడ్డాక గది పూల్‌లు. పూల్‌లలో తేలిన పాజిటివ్ మనుషులు మొత్తం పిల్లల్లో 5 శాతం దాటితే ర్యాపిడ్.

కోలుకున్నవాళ్లకు 90 రోజుల దాకా లక్షణాల్లేకుండా పీసీఆర్ చేయొద్దన్నది కూడా రాసుకోండి. చచ్చిన వైరస్ ముక్కలు చూసి పాపం మళ్లీ లోపలేస్తారు. రిజిస్టర్‌లో ఒక కాలమ్ అందుకే.

స్వర్ణముఖి_గట్టు:
అందరూ పిల్లల గురించే మాట్లాడుతున్నారు. నా దృష్టిలో 180 మంది సిబ్బందికి ముందు చేయాలి. 2020 డిసెంబర్‌లో ఐఐటీ మద్రాసులో వందకు పైగా కేసులు వచ్చినప్పుడు వేళ్లన్నీ మెస్సు వైపే చూపించాయి. తెరిచి ఉన్నది ఒకటే మెస్సు, అందరూ అక్కడే తినేది. వంటవాళ్లు, వడ్డించేవాళ్లు పొద్దున ఊరి నుంచి ఆటోల్లో వస్తారు, సాయంత్రం పోతారు. పిల్లాడు తన గదిలో ముగ్గురికి అంటిస్తాడు, వడ్డించేవాడు మూడు పూటలా 2,000 మందికి ఎదురుగా నిలబడతాడు. సిబ్బందికి వారానికి రెండుసార్లు ర్యాపిడ్ అంటే 360 కిట్లు. మొత్తం ఖర్చులో ఇదే చవకైన, ఫలితమిచ్చే ముక్క.

కానీ పాజిటివ్ వస్తే జీతం కట్ అయితే ఎవడూ టెస్టుకు రాడు, వచ్చినా ఇంకొకర్ని పంపిస్తాడు. కాంట్రాక్టర్‌తో ఒప్పందంలో విడిగా ఉన్న రోజుల కూలీ ఎవరిస్తారో రాయకపోతే మీ ప్లానులో పెద్ద బొక్క అక్కడే.

కపిలతీర్థం:
అదే ముక్క పిల్లలకూ. 75 శాతం అటెండెన్స్ లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. జ్వరమొస్తే చెప్పడు, డోలో మింగి క్లాసులో కూర్చుంటాడు.

నర్సమ్మ_చిత్తూరు:
నూటికి నూరు పాళ్లు. విడిగా ఉన్న రోజులకు హాజరు ఇస్తామని, మిడ్ పరీక్ష పోతే మళ్లా పెడతామని ప్రిన్సిపాల్ సంతకంతో సర్క్యులర్ ముందే రావాల. పేర్లు నోటీసు బోర్డు మీద, వాట్సాప్ గ్రూపులో పెట్టగూడదు. పద్దెనిమిది నిండని మొదటి సంవత్సరం పిల్లలకు తల్లిదండ్రుల సంతకం అడ్మిషన్ రోజే తీసుకోవాల. ఫారంలో ఫోన్ నంబరు పిల్లాడిదే రాయించండి. స్నేహితుడి నంబరు రాస్తే పాజిటివ్ అన్న కబురు వాడికి పోతాది, వీడు మెస్సులో తింటా ఉంటాడు.

లెక్కల_మాస్టారు:
ఇల్లినాయ్ యూనివర్సిటీ అర్బానాలో 2020 ఆగస్టులో విద్యార్థులకు వారానికి రెండుసార్లు లాలాజలం టెస్టు పెట్టారు, రిపోర్టు తొందరగానే వచ్చేది. అయినా తెరిచిన మొదటి రోజుల్లో కేసులు ఎగబాకాయి. పాజిటివ్ అని తెలిసి కూడా కొందరు పార్టీలకు పోతారన్నది వాళ్ల మోడల్‌లో లేదు.

ఇక గదుల లెక్క. వారానికి 1 శాతం కొత్త పాజిటివ్‌లంటే 20 మంది. ఒక్కొక్కరిని 10 రోజులు ఉంచితే ఏ రోజైనా సుమారు 29 మంచాలు నిండి ఉంటాయి, 7 రోజులైతే 20. వారానికి 3 శాతమైతే 86. ముందు ఎన్ని గదులున్నాయో లెక్కేసుకుని, ఆ తర్వాత ఎన్ని టెస్టులో తేల్చుకోండి. పట్టుకున్నవాణ్ని పెట్టే చోటు లేకపోతే పట్టుకోవడం దేనికి?

హాస్టల్_రిజిస్టర్:
గెస్ట్ హౌస్‌లో అటాచ్డ్ బాత్రూములతో 24 గదులున్నాయి. గదికి ఇద్దరు పాజిటివ్‌లు, అంటే 48 మంచాలు. మరి పాజిటివ్‌వాళ్ల రూమ్‌మేట్లు ముగ్గుర్ని ఎక్కడ పెట్టాలి?

పైపెట్టు:
ఖాయమైన పాజిటివ్‌లు కలిసి ఉండొచ్చు, ఇబ్బంది లేదు. కానీ 24లో ఆరు గదులు ర్యాపిడ్ పాజిటివ్ వచ్చి ఖాయం కానివాళ్లకు, ఒక్కొక్కరికి ఒక్కో గది, వదిలేయండి. మిగతా 18లో 36. రూమ్‌మేట్లను వాళ్ల గదిలోనే ఉంచడం నయం. సమస్య ఉమ్మడి బాత్రూము. అంతస్తులో ఒక బాత్రూమును వాళ్లకే కేటాయించి తలుపు మీద గది నంబర్లు రాయండి. 5వ రోజు వాళ్లకు టెస్టు, మధ్యలో లక్షణాలు వస్తే ఆ రోజే.

స్వర్ణముఖి_గట్టు:
డే స్కాలర్లకు గదులూ పూల్‌లూ కుదరవు. వాళ్లకు బస్సే గది. సీటు నంబరు ఖాయం చేసి, బస్సు షీటులో రోజూ ఎవరు ఎక్కడ కూర్చున్నారో డ్రైవర్ దగ్గర ఉండాలి. కిటికీలు తెరిచి నడపాలి, ఏసీ వద్దు. బస్సుకు వారానికి ఒకసారి ఐదుగురి పూల్‌లు, పక్కపక్క సీట్లవాళ్లు ఒకే పూల్‌లో.

నర్సమ్మ_చిత్తూరు:
ఒక సంగతి ఎవరూ చెప్పలా. వానలు పడ్డాక మన దగ్గర జ్వరం అంటే ఒక్క కొవిడే కాదు. రెండో టెస్టు కూడా నెగెటివ్ వచ్చిన జ్వరాన్ని "ఏం లేదు పో" అని పంపించొద్దు. మొదటి ఐదు రోజుల్లో డెంగీకి ఎన్‌ఎస్1 రక్తపరీక్ష, ఆ తర్వాత ఐజీఎం రక్తపరీక్ష. ఇంకా స్క్రబ్ టైఫస్, చిత్తూరు వైపు ఉండేదే. తుప్పల్లో పురుగు కుట్టిన చోట నల్లటి పొక్కు ఉంటుంది. చంకలో, నడుము దగ్గర, గజ్జల్లో వెతకాల, పిల్లోళ్లు సిగ్గుపడి చూపించరు. డాక్టరు దగ్గరికి ఆ రోజే పంపాల. మహమ్మారి రోజుల్లో మనుషులు చచ్చేది ఒక్క మహమ్మారితోనే కాదు.

హాస్టల్_రిజిస్టర్:
చాలా థ్యాంక్సండీ అందరికీ. కమిటీకి పెట్టే షెడ్యూలు ఇట్లా రాశాను: సోమ నుంచి శని రోజూ పొద్దున 6–8 మధ్య గార్గిల్, 94 గదులు. 9 గంటలకు బాక్సు ల్యాబుకు. మంగళ, శుక్రవారాల్లో సిబ్బంది ర్యాపిడ్, డ్యూటీ ఎక్కకముందు. మురుగు సోమ, బుధ, శుక్ర. శనివారం తీసిన గదుల రిపోర్టు ఆదివారం సాయంత్రానికి.

పైపెట్టు:
శనివారం తీసింది చూడండి. ఆదివారం ఆ ల్యాబులో ప్లేటు నడుస్తుందా అని ముందు ఫోన్ చేసి కనుక్కోండి. నడవదంటే శనివారం గదుల రిపోర్టు మంగళవారం వస్తుంది, మీ 36 గంటల నియమం ప్రతి వారం అక్కడే తప్పుతుంది. ఆ గదులను మిగతా ఐదు రోజుల్లో సర్దడానికి కుదరదు, ప్లేటులో 94కి మించి చోటు లేదు. ఆ ఒక్క రోజు గదులకు శనివారం ర్యాపిడ్ పెట్టేయండి. 30 గదులే మిగులుతాయి, 120 కిట్లు. విడి టెస్టులకు మాత్రం సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ ఓ చిన్న రన్ అదనంగా అడగండి. పూల్ పాజిటివ్‌వాళ్లు శనివారం దాకా ఆగకూడదు.

నర్సమ్మ_చిత్తూరు:
ఆ 120 కిట్లూ శుక్రవారం రాత్రే ఫ్రిజ్ నుంచి తీసి పెట్టుకోవచ్చులే అని మాత్రం అనుకోవద్దు. గదిలో 30 డిగ్రీలు దాటకుండా ఉంటేనే.